పంచనామాలో రాయనివి

కందిసాళ్ళ మధ్య పదిహేడు మొక్కలు.
లెక్కపెట్టాను, రెండోసారి కూడా.
బెళుగుప్పకు పడమర, గరుసు నేల.
పుబ్బ కార్తె వచ్చి తొమ్మిది రోజులైనా
చుక్క రాలని ఆకాశం కింద
ఎస్సై గారు గొడుగు పట్టుకొని "రాయమ్మా" అన్నారు.
వీఆర్వో తువ్వాలు తడిపి నెత్తిన వేసుకున్నాడు.
అట్ట మీద కాగితం పెట్టి రాశాను:
గంజాయి మొక్కలు, పదిహేడు.

నిజానికి అవి పదిహేడు కావు.
పదకొండు. ఇంకో ఆరు.

పదకొండూ నా భుజం దాటి ఎదిగాయి.
సన్నటి ఆకువేళ్ళు
గాలొస్తే ఒకదాన్నొకటి తాకకుండా కదులుతున్నాయి.
ఆ ఆరూ మోకాలెత్తున ఆగిపోయాయి.
అరచేతులంత ఆకులు,
అంచులు వక్కపొడి రంగుకు మాడి
దోసిలి పట్టినట్టు పైకి ముడుచుకొని.

ఓబుళపతి గట్టు మీద కూర్చున్నాడు.
బేడీ వేయలేదు. పరిగెత్తే మోకాళ్ళు కావు.
"ఇవెందుకప్పా ఇట్లున్నాయి?"
అడక్కూడని ప్రశ్న. అడిగాను.
ఆయన నా ఖాకీ మరిచిపోయి చెప్పాడు:

"అవి మంచుకొండల గింజలమ్మా.
ఒకడు కాయితంలో చుట్టి తెచ్చె.
గింజకు ఇంతని, కోడిపెట్ట ధర చెప్పె.
ఆ దేశంలో ఎండ దొరకదంట,
దొరికిన కాడికి పట్టుకోవల్లని
ఆకు ఎడల్పు చేసుకునిందంట.
ఈడ ఎండకేం కరువు?
చెయ్యి చాపితే చాపినంతా కాలె.
రాత్రికి కోలుకుంటాదేమో అనుకుంటి.
మన రాత్రులు బండల మాదిరి గదా,
పగలు తిన్న వేడి తెల్లారిందాకా కక్కుతాయి.
ఈ పదకొండూ వేడి సీమవే.
సన్నాకు ఎండను జల్లెడ పట్టి వదిలేస్తాది.
నీళ్ళు తప్పినా పది రోజులు నిలబడె."

నేను చుట్టూ చూశాను.
పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చెట్లే.
తుమ్మాకు ఎంత చిన్నది!
జమ్మి అంతే. చింత సరే సరి.
ఇక్కడ బతకాలంటే
ఆకు ముందు తనను తాను చీల్చుకోవాలి కాబోలు.

మా నాయన కూడా ఒకసారి విత్తనం తప్పాడు.
నేను ఇంటర్ రెండో సంవత్సరం.
ఎక్కడో కాలువ కింద పండిన సెనక్కాయ,
గుండుగా, ఎర్రగా, కన్ను తిప్పుకోలేనట్టు.
సబ్సిడీ చీటీ కోసం రెండు రోజులు
చెప్పులు వరసలో వదిలి మనుషులు నీడకు కూర్చున్నారు.
అవ్వ గాదెలోంచి పాతది తీసి చూపింది,
గిడసబారిన కాయ, ఒకటే పప్పు.
"ఇది దాహానికి ఓర్చుకుంటాది రా."
నాయన నవ్వాడు.
ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది.
కొత్త విత్తనం ఊడలు నేలను తాకి, గుచ్చలేక
గాల్లోనే దారాలయ్యాయి.
దొడ్లో అవ్వ వేసుకున్న మూడు సాళ్ళు పండాయి.
ఆమె ఒక్క మాటా అనలేదు.
అదే నాయనకు ఎక్కువ తగిలింది.
ఆ సంచుల మీద
ఎవరూ పంచనామా రాయలేదు.

పెరికించడం మొదలైంది.
ఆ ఆరూ కొత్తిమీర కట్టల్లా లేచొచ్చాయి.
పదకొండింటికి గడ్డపార కావలసొచ్చింది.
హోంగార్డు వన్నూరుస్వామి తిట్టుకుంటూ తవ్వాడు.
మూరెడు లోతున కూడా వేరు తెగలేదు,
ఆ లోతున మన్ను ఇంకా చల్లగా ఉంది.
"అన్నీ ఒకటే రకం అని రాయి," అన్నారు ఎస్సై గారు.
రాశాను.
ఓబుళపతి వేలిముద్ర వేసి
వేలిని తలపాగాకు కాక, మట్టికి తుడుచుకున్నాడు.

జీపులో, ఊరి మలుపు దగ్గర అడిగాను:
"ఈ కంది విత్తనం యాడిదప్పా?"
ఆయన అప్పుడు తలెత్తాడు, పొద్దుట్నుంచి మొదటిసారి.
"అది కొన్నది కాదమ్మా."
కాసేపాగి,
"మా ఇంట్లో చెప్పు,
ఎల్లుండికి రెండు కడవలు పోయమని,
వేర్లు కదిలింటాయి."

వెనక్కి చూస్తే చేనులో
పదిహేడు గుంతలు నోరు తెరుచుకొని.
కంది ఇంకా పూతకు రాలేదు.